అంగిలి మా పరిధిలోకి రాదు

మా బడి కొట్టుకుపోయిన వరదకి అది అరవయ్యో ఏడు. ఆ వరదలో బడి పోయింది, పంతులుగారి కుర్చీ పోయింది, నా మూడో తరగతి పోయింది. నావ మిగిలింది. అప్పుడది మా నాన్నది. తర్వాత నాదయింది. అడుగు చెక్కలు రెండుసార్లు మార్చినాను, పక్క చెక్కలు ఒకసారి.

గుల్లలపాడు రేవులో ఏరు దాటాలంటే ఆ నావే. ఇటొడ్డున మా ఊరు. అటొడ్డున బస్సులు ఆగే రోడ్డు. వంతెన మీంచి చుట్టూ తిరిగి పోతే ఇరవై రెండు కిలోమీటర్లు. నావ మీద పోతే ఒక చుట్ట కాలేంతసేపు. గెడ అడుక్కి ఆనించి తోస్తాను, నావ నడుస్తుంది. ఇందులో చెప్పుకోడానికి ఏమీ లేదు. అందుకే ఇన్నేళ్ళూ ఎవరూ అడగలేదు.

ఆ ఏడు అడిగినారు.

మాఘమాసం, పొద్దుటిపూట. మొదటి దాటు అటొడ్డుకి చేరేసరికి రోడ్డు మీద జీపు నిలబడి ఉంది. మనుషులు దిగినా ఇంజను ఆపలేదు. లోపల చల్లదనం పోతుందని డ్రైవరు చెప్పినాడు. ముందు దిగినాయన కూర్మనాథరావు గారు. రేవుల హరిత పరివర్తన పథకం జిల్లా ప్రత్యేకాధికారి అని తనే చెప్పినాడు, ఊపిరి తీసుకోకుండా. వెనకాల పట్నం నుంచి వచ్చిన సలహాదారు ఇందుజ మేడం. చిన్న పిల్ల, మంచిగానే నవ్వుతుంది. ఆవిడ చేతిలో చెవిలో దూది పెట్టుకునే పుల్లంత గొట్టం ఉన్న మిషను ఒకటి. అది పొగని కొలుస్తుందట.

"నావ యజమాని?"

"నేనే."

"పేరు?"

"దాలయ్య."

"ఇంజను సామర్థ్యం?"

"లేదు."

"లేదు అని రాయడానికి కాలమ్ లేదయ్యా. ఏదో ఒక అంకె కావాలి."

గెడ చూపించినాను. ఆయన గెడని కిందినుంచి పైకి చూసి 'ఒకటి' అని రాసుకున్నాడు.

"రోజుకి ఇంధనం ఎంత?"

"చెంబుడు అంబలి."

'స్థానిక జీవ ఇంధనం, ఒక చెంబు' అని రాసుకున్నాడు.

నావలో ఇంకా దిగకుండా కూర్చున్నది మా అప్ప అసిరమ్మ. నాకన్నా అయిదేళ్ళు పెద్దది. మొగుడు పోయినాక ఏటి ఇసకలో వంగతోట వేసింది. రోజూ మొదటి దాటులో గంప ఎత్తుకుని అటొడ్డుకి, ఆఖరి దాటులో ఖాళీ గంపతో ఇటొడ్డుకి. ఏటి మధ్యకి రాగానే చెంబు మూత తీసి చోడి అంబలి తాగుతుంది, పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ. ఆ కొరికిన చప్పుడు వినబడితే సగం దూరం వచ్చినట్టు లెక్క. నాకు వేరే గుర్తు అక్కర్లేదు.

అంతకుముందు ఆవిడకి ఇంకో అలవాటు ఉండేది. అడ్డచుట్ట. అంటే వెలిగించిన కొస నోట్లో పెట్టుకుని, వెలిగించని కొస బయటికి ఉంచి తాగడం. మా వైపు ముసలమ్మలకి ఇది మామూలే. వానలో నాట్లేసేటప్పుడు, గాలికి వలలు లాగేటప్పుడు నిప్పు ఆరిపోకుండా ఎవరో మొదలుపెట్టి ఉంటారు. నలభై అయిదేళ్ళు తాగింది. దీపావళి ముందు ఊరికొచ్చిన నర్సు సరోజిని టార్చి వేసి నోట్లో చూసి, అంగిట్లో తెల్లమచ్చ ఉందనీ, చుట్ట మానకపోతే అది పుండవుతుందనీ, పుండయితే ఇక చేతుల్లో ఉండదనీ చెప్పింది. అప్ప నవ్వేసింది. నేను రెండు రోజులు ఆవిడతో మాట్లాడలేదు.

"నువ్వు మామూలు రోజుల్లోనే మాటాడవు కదరా. ఇది కోపమని నాకెలా తెలుస్తాది?" అని తిట్టింది. తిట్టి, మానేసింది.

కూర్మనాథరావు గారు కాగితాలు తిరగేసి నిటారుగా నిలబడినాడు. "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, జిల్లాలోని రేవులన్నీ ఉగాదిలోగా తమ తమ పొగను సగానికి తగ్గించి, తగ్గించినట్టు నిరూపించుకుని, ఆకుపచ్చ పలక పొందవలెను. పలక లేని నావ నీటి మీద నడవరాదు. అట్టి నావలు ఒడ్డుకు లాగి విప్పివేయబడును."

"మాకు పొగ రాదు," అన్నాను.

మిషను నావ నాలుగు మూలలా పెట్టి చూసినారు. నా చంకలో కూడా పెట్టి చూసినారు. సున్నా.

"అదే కదా ఇబ్బంది," అన్నాడాయన, నిజంగానే బాధపడుతూ. "పొగే లేకపోతే దేన్ని తగ్గిస్తావు? పై రేవు పడవ చూడు. డీజిలు ఇంజను. నిరుడు నల్లటి పొగ వదిలేది. ఈ ఏడు బూడిదరంగు వదులుతోంది. ఎంత మార్పు. ఆ రోజే పలక బిగించి వచ్చాం. నువ్వేమో నిరుడూ సున్నా, ఈ ఏడూ సున్నా. ప్రగతి ఏది?"

సున్నాలో సగం ఎంతో మా పంతులు చెప్పేలోపే వరద వచ్చింది.

వెళ్తూ వెళ్తూ నావ ముక్కుకి ఎర్ర కాగితం అంటించినారు. 'పొగ తగ్గించుటకు నిరాకరించిన నావ.'

*

మూడోనాడు టౌనులో వాళ్ళ ఆఫీసుకి వెళ్ళినాం. నేను వెళ్ళినాను, మాట్లాడ్డానికి అప్ప వచ్చింది.

"బావూ, మాది గెడ నావ. దానికి పొగెందుకొస్తాది? పొగ నేదని నావ ఇప్పేస్తే రేపు నూతికి నిప్పు నేదని పూడ్చేస్తారేటి?" అంది.

కూర్మనాథరావు గారు కుర్చీ చూపించినాడు. మర్యాద తెలిసిన మనిషే. "అమ్మా, మార్గం ఉంది. పాత డీజిలు ఇంజను ఒకటి తెచ్చి బిగించండి. నెలరోజులు బాగా పొగ వచ్చేలా నడపండి. దాన్ని మూలస్థాయి పొగగా నమోదు చేస్తాం. తర్వాత ఇంజను పీకేయండి. నూరు శాతం తగ్గింపు. జిల్లాకే ఆదర్శం అవుతారు."

"మునిగిపోద్ది," అన్నాను.

"ఏది?"

"నావ."

ఆయన కాగితం మీద లెక్క వేసి చూసుకున్నాడు. "మునిగిన నావకి కూడా పొగ సున్నాయే," అన్నాడు. "కానీ ఆ కేసు వేరే సెక్షన్ చూస్తుంది."

అప్పటిదాకా ఫోను చూసుకుంటున్న ఇందుజ మేడం తలెత్తింది. "సార్, మూడో పరిధి ఉంది కదా." మా వైపు తిరిగి, బడిపిల్లలకి చెప్పినట్టు చెప్పింది. పొగకి మూడు పరిధులట. నావ వదిలే పొగ మొదటి పరిధి. నావ కోసం ఇంకెక్కడో వచ్చే పొగ రెండో పరిధి. నావలో కూర్చున్నవాళ్ళు వదిలే పొగ మూడో పరిధి. "మీ నావలో ప్రయాణికులు ఎవరైనా పొగ తాగుతారా?"

"తాగరు," అన్నాను.

"నేను తాగీదాన్ని," అంది అప్ప.

నేను ఆవిడ వైపు చూసినాను.

"నా కాసి అలా సూడకు. నావ పోతే నా వంకాయల గంప నీ నెత్తినెట్టుకుని ఈదుతావేటి? ఒక్క చుట్ట. ఒక్క రోజు. ఆళ్ళకి కావాల్సింది ఆళ్ళు రాసుకుని పోతారు."

*

ఒక్క చుట్టే అనుకున్నాం.

మర్నాడు ఇద్దరూ వచ్చి నావెక్కినారు. జీపు ఒడ్డున బుర్రుమంటూనే ఉంది. దాని పొగ కొలవరా అని అప్ప అడిగితే, అది తనిఖీ వాహనం, తనిఖీ వాహనం తనిఖీకి రాదు అన్నాడు కూర్మనాథరావు గారు.

ఏటి మధ్యకి వచ్చినాం. అప్ప బొడ్లోంచి చుట్ట తీసింది. వెలిగించి, రెండు దమ్ములు లాగి, నాలిక మీద తిప్పి నిప్పు లోపలికి పెట్టుకుంది. ఇందుజ మేడం మిషను ముందుకి చాపింది. సున్నా.

"వెలిగించలేదేమమ్మా?" అన్నాడాయన.

అప్ప నోరు తెరిచింది. లోపల ఎర్రగా నిప్పు. కూర్మనాథరావు గారు వెనక్కి జరిగి ఒక కాలు ఏట్లో పెట్టేసినాడు. నేను పట్టుకున్నాను. బూటు మాత్రం ఏరు తీసుకుంది.

"నిప్పు... లోపల..."

"మరెక్కడుంటాది బావూ. బయటెడితే గాలికి ఆరిపోద్ది," అంది అప్ప, చుట్ట పక్కకి తోసి.

ఇందుజ మేడం మిషను దించేసింది. కళ్ళు మెరిసిపోతున్నాయి. "సార్, ఇది పొగ నిర్బంధం. దేశదేశాల్లో పొగని పట్టుకుని భూమి అడుగున దాచాలని గొట్టాలు దింపుతున్నారు. యంత్రాలకి సాధ్యం కావట్లేదు. ఈవిడ పైసా ఖర్చు లేకుండా నోట్లో దాచేశారు. ఇది తరతరాల స్థానిక జ్ఞానం సార్."

"బాగుంది. కానీ మూలస్థాయి?" అన్నాడాయన, తడికాలు విదిలించుకుంటూ. "అమ్మా, ఒక్కసారి తిప్పి తాగండి. నిప్పు బయటికి."

అప్ప మొహం ముడుచుకుంది. "మగోడిలాగా? సిగ్గు కాదేటి?"

ముక్కుకి అంటించిన ఎర్ర కాగితం చూసి తిప్పింది. పుట్టి బుద్ధెరిగి అలా తాగలేదు. దగ్గొచ్చి కళ్ళంట నీళ్ళు కారినాయి. మిషను పన్నెండు చూపించింది. ఆయన పన్నెండు అని రాసుకున్నాడు. మళ్ళీ లోపలికి పెట్టుకుంది. సున్నా. ఆయన సున్నా అని రాసుకుని, రెండంకెల మధ్యా గీత గీసి, దాని కింద ఇంకో గీత గీసినాడు.

"నూరు శాతం," అన్నాడు.

ఎర్ర కాగితం గీకేసి ఆకుపచ్చ పలక బిగించినారు. నాలుగు మరలతో. ఆ పూట నేను కూడా సంతోషపడినాను. అది దాచను.

*

పది రోజులకి కాగితం వచ్చింది. నేను కూడబలుక్కుని చదివినాను, అప్ప విన్నది.

నావకి పలక ఇచ్చింది పొగ తగ్గించినందుకు. పొగ తగ్గడమంటే బయటికి రావలసిన పొగ లోపల ఉండిపోవడం. అసలు పొగే పుట్టని దాటులో తగ్గింపు జరగనట్టు. తగ్గింపు జరగని దాటులు మూడు దాటితే పలక రద్దు. కావున ప్రతి దాటులోనూ ఒక చుట్ట నిర్బంధింపబడి ఉండవలెను.

రోజుకి పది దాటులు.

"నేను తాగుతాను," అన్నాను, కూర్మనాథరావు గారు వచ్చినప్పుడు.

"నావ నడిపేవాడు విధి నిర్వహణలో పొగ తాగరాదు. అది భద్రతా నిబంధన."

"ఊళ్ళో ఇంకా నలుగురు ముసలమ్మలు తాగతారు బావూ. వంతులేసుకుంటాం," అంది అప్ప.

"మూలస్థాయి మీ పేరున నమోదైందమ్మా. నోరు మారితే మళ్ళీ మొదటినుంచి రావాలి. ఉగాది దగ్గరికొచ్చేసింది."

అలా అప్పని 'హరిత సహయాత్రికురాలు' చేసినారు. మోకాళ్ళ దాకా వచ్చే ఆకుపచ్చ కోటు ఇచ్చినారు. పొద్దున్న నావెక్కితే సాయంత్రం దాకా దిగడానికి లేదు. అటు ఒక చుట్ట, ఇటు ఒక చుట్ట. వంకాయలు తోటలోనే ముదిరిపోయినాయి.

మొదట్లో ఆవిడకి సరదాగానే ఉండేది. పేపర్లో ఫొటో పడింది. కాలేజీ పిల్లలు బస్సు వేసుకుని వచ్చి, వరసలో నిలబడి ఆవిడ నోట్లోకి చూసినారు. ఒకడు లోపల ఎంత వేడి ఉంటుందని అడిగితే, "నువ్వూ ఎట్టుకో, తెలుస్తాది" అంది. అందరూ చప్పట్లు కొట్టినారు.

ఈ పద్ధతి చూడ్డానికి పై రేవు పడవవాళ్ళూ వచ్చినారు. వాళ్ళకి ఇందుజ మేడం బొమ్మ గీసి చెప్పింది. వారం తిరక్కుండానే వాళ్ళు ఇంజను పొగగొట్టాన్ని పడవ లోపలికి తిప్పేసినారు. పైన టార్పాలిన్ కప్పి చుట్టూ తాడు బిగించినారు. బయట మిషను సున్నా చూపించింది. లోపలినుంచి దిగినవాళ్ళు పళ్ళు తప్ప ఏమీ కనపడకుండా దిగినారు. ఆ పడవకి పలక మీద వెండి నక్షత్రం ఇచ్చినారు. టౌనులో ఒక హోటలువాడు వంటింటి పొగగొట్టాన్ని భోజనాల గదిలోకి తిప్పి రెండు నక్షత్రాలు తెచ్చుకున్నాడు. ఆ రోజుల్లో మా జిల్లాలో బయట గాలి చాలా శుభ్రంగా ఉండేదని పేపరువాళ్ళు రాసినారు. ఎవరూ లోపలికి వెళ్ళకపోతే చాలు.

రేవులో ఉన్నది ఒక్కటే స్తంభం. దానికి ఆరోగ్యశాఖవాళ్ళు ఎప్పుడో కొట్టిన బోర్డు ఉంది: 'పొగ తాగుట ప్రాణాంతకము.' దాని కింద కొత్తది కొట్టినారు: 'పొగను బయటకు వదలవద్దు. లోపలే ఉంచుకుందాం.' రెంటి మీదా ప్రభుత్వం గుర్తే.

నర్సు సరోజిని ఆ బోర్డులు చదివి, నావెక్కి, అప్ప నోరు తెరిపించి టార్చి వేసింది. చాలాసేపు చూసింది. ఆ రోజు కూర్మనాథరావు గారు కూడా నావలో ఉన్నాడు, చుట్టలు లెక్కపెట్టుకోడానికి.

"సార్, మచ్చ పెద్దదయింది. అంచులు ఎర్రబడ్డాయి. ఇది వెంటనే ఆపాలి," అంది.

ఆయన సంచీలోంచి మార్గదర్శకాల పుస్తకం తీసి, వేలు తడి చేసుకుంటూ తిప్పినాడు. "చూడమ్మా. పొగ నోటి బయటికి వస్తే మూడో పరిధి, మాది. బయటికి రాకుండా ఉంటే, అది నిర్బంధిత పొగ, అదీ మాదే. ఆ పొగ ఉన్న చోటు మాత్రం... పెదవుల వరకే రాశారు. అంగిలి మా పరిధిలోకి రాదు."

"మరి ఎవరి పరిధి?"

"ఆరోగ్యశాఖది. మీదే."

"అందుకే కదా సార్ మానిపించాను."

"మానిపించడం మా లక్ష్యానికి ఆటంకం. మీ పైవాళ్ళకి ఉత్తరం రాయాల్సి వస్తుంది."

"రాయండి. నేనూ రాస్తాను."

ఇద్దరూ రాసినారు. ఆ రెండు శాఖలవాళ్ళూ టౌనులో కూర్చుని మాట్లాడుకున్నారు. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. చుట్ట తాగినంతసేపు అసిరమ్మ హరిత పథకం కింద ఉంటుంది. చుట్ట తీసినాక, మళ్ళీ పెట్టుకునేలోపు, ఆరోగ్యశాఖ కింద ఉంటుంది. ఆ మధ్యలో నర్సు వచ్చి వైద్యం చేసుకోవచ్చు.

నర్సు ఆ కాగితం చదివి నా చేతికిచ్చి వెళ్ళిపోయింది. "పెద్దాసుపత్రిలో నోటి డాక్టరు బుధవారం కూర్చుంటాడు. తీసుకెళ్ళు," అంది. బుధవారం కూడా పది దాటులే.

ఆ తర్వాత ఒకరోజు ఏటి మధ్యకి వచ్చినాను. వచ్చినట్టు తెలియలేదు. ఇంకా నాలుగు తోపులు తోసేసినాక, ఏదో తక్కువైందని వెనక్కి చూసినాను. అప్ప అంబలి తాగుతోంది, చల్లార్చుకుని, కొంచెం కొంచెంగా. మిరపకాయ చెంబు మూతలో అలాగే ఉంది.

"తినలేదేం?"

"కారం ఎక్కువున్నాయి ఈ ఏటి కాయలు," అంది, ఏటి వైపు చూస్తూ.

మర్నాడూ మూతలోనే ఉంది. ఆ మర్నాడు మిరపకాయే తేలేదు.

"మానేద్దాం," అన్నాను.

"నావ?"

గెడ వేసినాను.

*

ఉగాది ముందు మంగళవారం పెద్ద కమిషనరు వచ్చినాడు. పొడుగు మనిషి, తెల్ల చొక్కా, మాట మెత్తన. కూర్మనాథరావు గారు కొత్త బూట్లు వేసుకున్నాడు. ఇందుజ మేడంతో కలిపి ముగ్గురు, అప్పతో నలుగురు. అటొడ్డున మూడు జీపులు, మూడూ బుర్రుమంటున్నాయి.

నావ కదిలింది. కమిషనరు పలక మీద చెయ్యి వేసి నిమిరినాడు. "గత సంవత్సరం సాధించిన విజయాల వెలుగులో, వచ్చే సంవత్సరానికి మరింత ఉన్నత లక్ష్యాలను నిర్దేశించుకోవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉన్నది," అన్నాడు. నావలో అయిదుగురమే ఉన్నా వెయ్యిమంది ఉన్నట్టే మాట్లాడినాడు.

"సున్నా అయిపోయింది కదా సార్," అన్నాడు కూర్మనాథరావు గారు, భయం భయంగా.

"సున్నా వద్ద ఆగిపోవడం స్తబ్ధత. సున్నాకంటే కిందికి దిగాలి. ఇప్పుడు ఒక దాటుకి ఎన్ని చుట్టలు?"

"ఒకటి సార్."

"రెండు చేయండి. నిర్బంధ సామర్థ్యం రెట్టింపు అవుతుంది. నేను ప్రత్యక్షంగా పరిశీలించి నివేదిక పంపుతాను. కానివ్వండమ్మా."

అప్ప మొదటి చుట్ట అప్పటికే నోట్లో పెట్టుకుని ఉంది. ఎడం చెయ్యి దవడ మీద పెట్టుకుంది. రెండోది తీసింది. అగ్గిపుల్ల గీసింది, ఆరిపోయింది. ఇంకోటి గీసింది. అంటుకుంది. కమిషనరు మిషను ఆవిడ మొహానికి దగ్గరగా పెట్టి, కళ్ళద్దాలు సర్దుకుని ఎదురుచూస్తున్నాడు.

నేను గెడని బలంగా అడుక్కి దించినాను. నావ ఆగింది. అక్కడ నీళ్ళు రెండు నిలువులు.

"ఏమిటి?" అన్నాడు కూర్మనాథరావు గారు.

అప్ప ముందు చెయ్యి చాపినాను. "ఇటియ్యి."

"ఒరే, నావరా," అంది, నోట్లో నిప్పుతోనే.

"తెలుసు. ఇటియ్యి."

ఇచ్చింది. రెండూ తీసుకుని ఏట్లో ముంచినాను. చుయ్యిమన్నాయి. అప్పుడు లేచిన ఆవిరికి మిషను తొమ్మిది చూపించింది.

తర్వాత నావ అడుగునుంచి కత్తి తీసి, పలక మరలు ఒకటొకటిగా విప్పినాను. నాలుగు. తుప్పు పట్టలేదు కాబట్టి తొందరగానే వచ్చినాయి. పలక తీసి కూర్మనాథరావు గారి ఒళ్ళో పెట్టినాను. గెడ నావకి అడ్డంగా పెట్టుకుని కూర్చున్నాను. లంగరు రాయి అప్పటికే వదిలేసినాను.

"పోనీయవయ్యా," అన్నాడు కమిషనరు.

"పలక లేని నావ నీటి మీద నడవరాదు."

నా జన్మలో అంత పెద్ద మాట అదే. మొదటిరోజు కూర్మనాథరావు గారు చదివినదే, అప్పజెప్పినాను.

"అది మామూలు సందర్భాలకి. మేమున్నాం కదా."

నేను కూర్మనాథరావు గారి వైపు చూసినాను. ఆయన పుస్తకం తీసి తిప్పినాడు. తిప్పి మూసినాడు. "అధికారులున్నప్పుడు సడలింపు ఇవ్వవచ్చునని ఎక్కడా లేదు సార్," అన్నాడు చిన్న గొంతుతో.

"సాంకేతికంగా ఆయన చెప్పిందే సరైంది," అంది ఇందుజ మేడం. అప్పని చూస్తోంది. ఆవిడ మొహంలో అప్పుడు నవ్వు లేదు.

ఎండ ఎక్కింది. మాఘం పోయి ఫాల్గుణం చివరికొచ్చిన ఎండ. నావకి నీడ ఉండదు. ముందు కమిషనరు ఫోను చేసినాడు. ఇంకో నావ పంపించమన్నాడు. పై రేవు పడవ రావాలంటే మధ్యలో ఇసక మేటలు. మిగతా రేవుల నావలన్నీ పలక లేక, ఉగాది రాకముందే ఒడ్డున విప్పేసి ఉన్నాయి. విప్పించింది తమరే కదా సార్ అని కూర్మనాథరావు గారు గుర్తు చేసినాడు, గుర్తు చేసి తల దించుకున్నాడు.

"ఆకలేస్తే అంబలుంది బావూ," అంది అప్ప. "జీవ ఇందనం. మీరే రాసినారంట కదా."

మధ్యాహ్నం దాటినాక కమిషనరు చొక్కా విప్పి నెత్తిన కప్పుకున్నాడు. అంబలి కూడా తాగినాడు. తాగి, "రాసుకో," అన్నాడు కూర్మనాథరావు గారితో.

"ప్రజా ప్రయోజనం దృష్ట్యా, గెడతో నడుచు నావలకు పొగ లేకపోవుట లోపముగా పరిగణింపబడదు. పలక, చుట్ట, సహయాత్రికురాలు ఇత్యాదులతో నిమిత్తము లేకుండా సదరు నావ ఒడ్డు చేరువరకు నడుచుటకు ఇందుమూలముగా అనుమతించడమైనది."

సంతకం పెట్టి నా చేతికిచ్చినాడు. నేను అక్షరం అక్షరం చదివినాను. చదవడానికి చాలాసేపు పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు. చదివి, 'ఒడ్డు చేరువరకు' అన్నచోట వేలు పెట్టి తిరిగి ఇచ్చినాను. మళ్ళీ కూర్చున్నాను.

కమిషనరు ఆ మాట కొట్టేసి, దాని మీద ఇంకో మాట రాసినాడు. 'తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు.'

"అయ్యెప్పుడొస్తాయి?" అని అడిగింది అప్ప.

కూర్మనాథరావు గారు నుదురు తుడుచుకున్నాడు. "నా సర్వీసు ముప్పై ఏళ్ళమ్మా," అన్నాడు. "నేనింకా చూడలేదు."

లంగరు రాయి ఎత్తినాను.

ఒడ్డుకి చేరేసరికి మూడు జీపుల్లో రెండు డీజిలు అయిపోయి ఆగిపోయి ఉన్నాయి. మూడోదాంట్లో అందరూ ఇరుక్కుని వెళ్ళినారు. ఇందుజ మేడం ఎక్కబోతూ వెనక్కి వచ్చి, అప్ప దగ్గర ఏదో అనాలని నిలబడింది. అప్ప ఆకుపచ్చ కోటు విప్పి ఆవిడ చేతిలో పెట్టి, "ఎండగుంది, నెత్తినేసుకో అమ్మా," అంది.

మరునాడు బుధవారం. పొద్దున్నే రేవు మూసినాను. మా నాన్న పోయిననాడు కూడా మూయలేదు. ఒడ్డున నిలబడినవాళ్ళు ఎందుకని అడిగినారు. అప్ప నోరు అన్నాను. వాళ్ళు గంపలు దించుకుని ఇళ్ళకి పోయినారు. అప్పని ఎక్కించుకుని దాటి, నావని అటొడ్డున తుమ్మ మొదలుకి కట్టేసి, గెడ టీకొట్టు చూర్లో దోపి బస్సెక్కినాం. పెద్దాసుపత్రిలో నోటి డాక్టరు గది ముందు బల్ల మీద మా ముందు తొమ్మిదిమంది ఉన్నారు. అప్ప చెంబు మూత తీసింది. ఆ రోజు మిరపకాయ తెచ్చింది. కాసేపు చేతిలో తిప్పి చూసి నాకిచ్చింది. నేను కొరికినాను. చప్పుడు అయింది.

పేరు పిలిచినారు. లేచినాం.